జర్మనీ బాకూ, అసలు పారినాయుడూ

మా మ్యూజియంలో ఉన్నవి అసలు వస్తువులేనా అని ప్రభుత్వానికి అనుమానం వచ్చింది. ఇన్నాళ్లూ రానిది ఇప్పుడెందుకు వచ్చిందని అడక్కూడదు. అనుమానం రావాలంటే ముందు మ్యూజియం ఒకటుందని తెలియాలి. అది తెలిసేసరికి ఇన్నేళ్లు పట్టింది.

నందివలస కోటలో ఒకప్పటి జమీందార్ల ఆయుధశాలే మా మ్యూజియం. జమీ రద్దయినప్పుడు కోటతో పాటు కత్తులు, బల్లేలు, పల్లకీలు, లెక్కపెట్టలేనన్ని గబ్బిలాలు ప్రభుత్వపరమయ్యాయి. నేనిక్కడ సహాయ క్యూరేటర్ని. నేను సహాయం చేయాల్సిన క్యూరేటర్ పోస్టు చాలాకాలంగా ఖాళీ. నన్నడిగితే ఈ కోటలో అసలుదని నిస్సందేహంగా చెప్పదగ్గ పురావస్తువు ఆ ఖాళీ ఒక్కటే.

ఆ ఏడాదిని 'ప్రామాణ్య సంవత్సరం'గా ప్రకటించారు. అంతకు ముందుది హరిత సంవత్సరం, దాని ముందుది పారదర్శకతా సంవత్సరం. హరిత సంవత్సరంలో మాకు పూలకుండీలు వచ్చాయి, మొక్కలు రాలేదు. పారదర్శకతా సంవత్సరంలో అద్దాల తలుపు వచ్చింది. అది కనపడక ఇద్దరు పర్యాటకులు ముక్కులు చితక్కొట్టుకున్నారు. ఈసారి ఒక సర్క్యులరూ, దాని వెనకాలే ఒక కమిటీ వచ్చాయి.

సర్క్యులర్లో ముఖ్యమైన భాగం ఇది: "ఏ వస్తువైతే తన తొలి నమోదు నాటి రూపమునకు అన్ని విధముల సరిపోవునో అది అసలైనదిగాను, సరిపోనిది నకిలీదిగాను నిర్ధారించవలెను. నకిలీ కనుగొనబడినచోట అసలు సైతము పరిసరములందే ఉండుటకు అవకాశము కలదు గనుక, తక్షణమే స్టోరు గదిని వెదకవలెను."

మొదటిసారి చదివినప్పుడు నాకు ఇందులో తప్పేమీ కనిపించలేదు. పైగా స్టోరు గది సంగతి ఇంత ముందుచూపుతో రాసినవాడెవడో బాగా తెలివైనవాడనుకున్నాను.

మా దగ్గరున్న వాటిలో కాస్త పేరున్నది జర్మనీ బాకు. జమీందారుగారొకరు యూరప్ వెళుతున్న ఓడలో జర్మన్ నౌకాదళం వాడొకడు ప్రయాణం చేస్తూ కడుపులో తిప్పి మంచం పట్టాడట. నౌకాదళం వాడికి సముద్రం పడకపోవడం ఏమిటని అడక్కండి, మా శాఖలో దుమ్ము పడనివాళ్లు ఎంతమంది లేరు? జమీందారుగారు తన పెట్టెలోంచి శొంఠిపొడి తీసి ఇప్పించారు. వాంతులు కట్టాయి. ఆ కృతజ్ఞతతో అతను నడుముకున్న బాకు విప్పి ఇచ్చేశాడు. అది పొడవడానికి పనికొచ్చే బాకు కాదు. విందులప్పుడూ కవాతులప్పుడూ యూనిఫాం మీద వేలాడదీసుకునే అలంకారపు బాకు. దంతపు పిడి, పిడికి బంగారు తీగ చుట్టు, కొసన కిరీటం, అలుగు మీద తెరచాప ఓడ, లంగరు, వాటి మీద బంగారు పూత. అలాంటివి ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టేన్ని కూడా మిగల్లేదంటారు.

ఆ బాకుని చూసుకునేవాడు పారినాయుడు. గ్యాలరీ అటెండరు. మీసం మొలిచిన కొత్తలో చేరాడు, దసరా వెళ్లిన నెలాఖరుకి రిటైరవుతాడు. అతనికి కోరికంటూ ఒకటే ఉండేది. "మాటపడకుండా దిగిపోవాలమ్మా. పారినాయుడు సేతిలోంచి గుండుసూది పోనాదని ఎవుడూ అనకూడదు," అనేవాడు. నిజంగానే ఏదీ పోలేదు. పోయినదల్లా ఏమిటో ఇప్పుడు చెప్తాను.

దసరాకి ఆయుధపూజ చెయ్యడం కోటలో ఎప్పటినుంచో ఉన్న ఆచారం. జమీ పోయినా ఆచారం పోలేదు. డ్రైవర్లు జీపులకీ, టైపిస్టులు టైపు మిషన్లకీ బొట్లు పెట్టుకుంటారు కదా, ఆయుధశాలలో ఉద్యోగాలు చేస్తూ మేం ఆయుధాలకి పెట్టకుండా ఎలా ఉంటాం? పండగ ముందు పారినాయుడు అద్దాల బీరువాలన్నీ తీసి, ప్రతి ఆయుధాన్నీ బావి దగ్గర పరిచి, చింతపండూ ఇటుకపొడీ పెట్టి తోమేవాడు. తోమి, కడిగి, పసుపు రాసి, కుంకం పెట్టి, మొనకి నిమ్మకాయ గుచ్చేవాడు. జర్మనీ బాకు అంటే మరీ మక్కువ. దూరదేశం నుంచి వచ్చింది కాబట్టి దానికి రెండు తోముళ్లు. నేను ఉద్యోగంలో చేరినప్పుడు ఇదేం పని అని ఆపబోతే, అప్పటి డైరెక్టరుగారు నన్ను పిలిచి మతవిశ్వాసాల జోలికి పోవద్దన్నారు. ఆ తర్వాత వచ్చిన డైరెక్టర్లందరూ పూజకొచ్చి బాకు పట్టుకుని ఫొటో దిగారు. పులిహోర కూడా బాగుండేది.

ఫలితం మీరు ఊహించగలరు. ముందు బంగారు పూత పోయింది. తర్వాత తీగ పోయింది. లంగరు పోయింది. ఓడ కొన్నేళ్లు తెరచాపతో తేలి, చివరికి అదీ మునిగింది. కిరీటం అరిగి అరిగి ఉసిరికాయంత గుండ్రమైంది. పిడి పాలదంతంలా తెల్లబడింది. అలుగులో మాత్రం పారినాయుడు తన మొహం చూసుకుని తల దువ్వుకునేవాడు, దువ్వుకునే జుట్టు ఉన్నన్నాళ్లూ.

కమిటీలో ఇద్దరు. అధ్యక్షులు దువ్వూరి కామేశంగారు, మత్స్యశాఖలో పెద్ద హోదాలో పనిచేసి రిటైరయ్యారు. నిపుణులు డాక్టర్ ముక్తేవి భాస్కరశర్మగారు, రాష్ట్రంలో జర్మన్ బాకుల మీద అధికారంతో మాట్లాడగల ఏకైక వ్యక్తి. మురుగుకాల్వల అధ్యయనానికి ప్రభుత్వం ఆయన్ని జర్మనీ పంపినప్పుడు, విమానాశ్రయంలో బాకుల మీద ఒక పెద్ద పుస్తకం కొన్నారు. అది జర్మన్‌లో ఉంది. ఆయనకి జర్మన్ రాదు. అందుచేత బొమ్మలు చాలా శ్రద్ధగా చూశారు.

ఇద్దరూ టీ తాగి, బిస్కెట్లు అసలైనవని నిర్ధారించుకుని, బాకు ఉన్న బీరువా ముందు కుర్చీలు వేయించుకున్నారు. నేను తొలి నమోదు చదివాను. దంతపు పిడి, పసుపు వన్నె. శర్మగారు భూతద్దం పెట్టి చూసి, "తెలుపు," అన్నారు. బంగారు తీగ. "లేదు." కిరీటం. "ఉసిరికాయ." ఓడ. ఆయన అలుగుని ఇటూ అటూ తిప్పి, "ఓడ లేదు సరికదా, సముద్రం కూడా లేదు. నా మొహం ఉంది," అన్నారు.

పారినాయుడు పక్కనుంచి గర్వంగా అన్నాడు: "అద్దంలాగుంటాది బాబూ. సూసినోళ్లందరూ అదే అంటారు."

"అంటే ఇది అద్దమని అందరికీ ముందే తెలుసన్నమాట," అని కామేశంగారు రాసుకున్నారు.

నేను కల్పించుకున్నాను. "సార్, బాకు అసలుదే. ఏటేటా ఆయుధపూజకి తోమడం వల్ల అరిగిపోయింది."

"ఆయుధపూజ జరిగినట్టు రికార్డు ఉందా మేడమ్?"

లేదు. ప్రభుత్వ కార్యాలయంలో పూజ అని రాయకూడదు కనుక 'వార్షిక స్వచ్ఛతా కార్యక్రమం' అని రాసేవాళ్లం. అదే చెప్పాను.

"అయితే పూజ జరగలేదు."

"డైరెక్టరుగారు ప్రసాదం కూడా తిన్నారు సార్."

"తిన్నట్టు రికార్డు ఉందా?"

నేను డైరెక్టరుగారికి ఫోన్ చేశాను. ఆయన చాలా మర్యాదగా, తనకి పులిహోర పడదని, ఎన్నడూ తినలేదని చెప్పారు. ఫొటోల మాటెత్తితే, ఆ ఫొటోలు ఇంకా ప్రామాణ్య పరీక్షకి రాలేదు కాబట్టి వాటిలో ఉన్నది తానో కాదో ఇప్పుడే చెప్పడం నిబంధనలకు విరుద్ధమన్నారు.

శర్మగారు సంచీలోంచి ఎర్ర స్టిక్కరు తీసి బాకు ఒర మీద అంటించారు. దాని మీద 'నకిలీ' అని అచ్చయి ఉంది. కామేశంగారు కళ్లజోడు సర్దుకుని, "నకిలీ కనుగొనబడినది. స్టోరు గది తెరవండి," అన్నారు.

స్టోరు గది గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఒకప్పుడు గణతంత్ర దినోత్సవం శకటం మీద పెట్టడానికి జర్మనీ బాకు కావాలన్నారు. అసలు బాకు పంపడం ప్రమాదమని పక్క ఊరి కంచరిచేత ఒక నకలు చేయించాం. ఆయన ఇత్తడితో అలుగు పోసి, చెక్క పిడి తొడిగి పసుపు రంగు వేశాడు. ఓడ చెక్కమంటే తెరచాప ఓడని ఎన్నడూ చూడలేదని, తను చూసిన ఓడ చెక్కాడు. అది మా తీరంలో చేపలకెళ్లే నాటుపడవ. అందులో ఒకడు నిలబడి వల విసురుతున్నాడు కూడా. లంగరు పక్కన, తను చేసే దీపపుకుందెలన్నిటికీ వేసే చిలక ముద్ర కొట్టాడు. శకటం అయిపోయాక దాన్ని స్టోరులో పడేశాం. పారినాయుడు దాన్ని ఏ దసరాకీ తియ్యలేదు. దొంగ బాకుకి బొట్టు పెడితే అమ్మవారు ఊరుకోదని అతని భయం.

ఆ గదిలోనే గుమ్మానికి ఎదురుగా ద్వారపాలకుడి బొమ్మ ఒకటుంది. పారినాయుడు చేరిన కొత్తలో కోట గుమ్మంలో పెట్టడానికి సున్నపుపిండితో నిలువెత్తు బొమ్మ చేయించారు. శిల్పికి నమూనాగా నిలబడేందుకు పనీపాటూ లేనివాడెవడా అని చూస్తే కొత్త అటెండరు దొరికాడు. మొహం, మీసం, ఒత్తుజుట్టు అచ్చుగుద్దినట్టు దించిన శిల్పికి చేతులు మాత్రం కుదర్లేదు. దాంతో పారినాయుడి చేతులకే పిండి పట్టించి, అచ్చు తీసి పోతపోశాడు. గుమ్మంలో పెట్టిన రోజునే ఒక మంత్రిగారు దాన్ని చూసి మనిషనుకుని నమస్కారం పెట్టారు. అది తిరిగి పెట్టలేదు. మర్నాడే దానికి స్టోరుకి బదిలీ అయింది.

శర్మగారు స్టోరులో ఇత్తడి బాకు తియ్యగానే భూతద్దం అందుకున్నారు. నేను మళ్లీ నమోదు చదివాను. పసుపు వన్నె. "ఉంది." బంగారు పూత. "చెక్కు చెదరలేదు." కిరీటం. "దివ్యంగా ఉంది." ఓడ దగ్గర కాస్త ఆగారు. అప్పుడు కామేశంగారు తన అనుభవాన్నంతా కూడదీసుకుని ముందుకొచ్చారు.

"వల వేస్తున్నాడు చూశారా శర్మగారూ? ఇది జర్మన్ నౌకాదళపు మత్స్య విభాగం అయ్యుండాలి. ఇలాంటి విభాగం ఉందని నేను సర్వీసులో ఉండగా ఎన్నోసార్లు అనుమానించాను."

"ఈ చిలక ముద్ర నా పుస్తకంలో ఎక్కడా లేదు," అన్నారు శర్మగారు. "ఏ పుస్తకంలోనూ ఉండదు. అంత అరుదైనదన్నమాట."

"అది మన శకటం కోసం సేయించినది బాబూ," అన్నాడు పారినాయుడు. "మన కంచరాయనే సేసినాడు."

"సార్, ఎత్తి చూడండి, చెక్క పిడి, తేలిగ్గా లేదూ?" అన్నాను నేను.

"నమోదులో బరువు రాయలేదు మేడమ్."

"దీన్ని చేయించింది మన శాఖే సార్."

"ప్రామాణ్య సంవత్సరానికి పూర్వం జరిగిన విషయాలు కమిటీ పరిధిలోకి రావు," అని కామేశంగారు స్వయంగా ఆకుపచ్చ స్టిక్కరు అంటించారు. దాని మీద 'అసలు' అని ఉంది. శర్మగారు ఆ బాకుతో ఫొటో దిగారు. ఇత్తడి వాసన చేతికి అంటుకుంటే, వాసన చూసుకుని, యూరప్ గుర్తొస్తోందన్నారు.

ఇక్కడితో అయిపోతే నవ్వుకుని ఊరుకునేదాన్ని. కానీ అసలు స్టోరులోకీ, నకిలీ బీరువాలోకీ వాటంతటవి నడిచి వెళ్లవు. ఎవరో మార్చాలి. బీరువా తాళాలు ఎవరి దగ్గరుంటాయని కామేశంగారు అడిగారు. నేను నోరు విప్పేలోగా పారినాయుడు మొలతాడుకున్న తాళాలగుత్తి తీసి బల్ల మీద పెట్టాడు.

"నా దగ్గరే ఉంటాయి బాబూ. ఇంకోడి సేతికివ్వలేదు ఎప్పుడూ."

నిజాయితీపరుడు నేరం ఒప్పుకున్నంత తేలిగ్గా దొంగ ఎన్నడూ ఒప్పుకోడు. కామేశంగారు విచారణకి ఆదేశించారు. రుజువైతే రిటైర్మెంటు కాదు, డిస్మిస్. పెన్షన్ లేదు. పేపర్లో పేరు పడుతుంది.

పారినాయుడు ఆ సాయంత్రం బావి దగ్గర కూర్చుని ఉన్నాడు. నేను వెళితే లేచి నిలబడ్డాడు.

"నానే అరగదీసీసినానా అమ్మా? మంచిగుండాలనే కదా తోమినాను. మరి ఇంతమంది వొచ్చినారు, వొక్కులైనా ఒద్దనలేదు కదా."

నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఒకసారి వద్దనబోయి ఊరుకున్నదాన్ని నేనే. ఊరుకున్నందుకు నాకు ఏమీ కాదు. అదే నాకు ఎక్కువ మంటగా ఉంది.

మర్నాడు విచారణ మొదలైంది. మొదలవ్వాలంటే ఎదుట ఉన్నవాడు పారినాయుడేనని ముందు తేలాలి. అది నిబంధన. ప్రామాణ్య సంవత్సరంలో మరీ నిబంధన. హాజరు వేసే వేలిముద్రల యంత్రం తెప్పించారు. ఉద్యోగంలో చేరిననాడు సర్వీసు రిజిస్టరులో వేసిన ముద్రలే అందులో ఎక్కించి ఉన్నాయి. ఆ యంత్రం వచ్చినప్పటినుంచీ పారినాయుడి వేలిని అది ఒప్పుకున్నది లేదు. అతని హాజరు నేనే వేరే పుస్తకంలో వేయించేదాన్ని.

బొటనవేలు పెట్టాడు. ఎర్ర దీపం. వేలు పంచెకి తుడుచుకుని పెట్టాడు. ఎర్ర దీపం. శర్మగారు భూతద్దంతో ఆ వేలు చూశారు. అచ్చం బాకు అలుగులాగే నున్నగా ఉంది. ఒక్క గీత లేదు.

"ఇటుకపొడి బాబూ," అన్నాడు పారినాయుడు చెయ్యి దాచుకుంటూ. "ఇన్నేళ్లు తోమితే గీతలేటుంటాయి?"

బాకు మీది ముద్ర అతని వేలితో పోయింది, అతని వేలిముద్ర బాకుతో పోయింది. ఈ సంగతి అర్థం చేసుకోవడానికి జర్మన్ రానక్కర్లేదు. కానీ కమిటీ సర్క్యులర్ వైపు చూసింది.

సర్వీసు రిజిస్టరు తెరిచి అతని తొలి ఫొటో, దాని కింద రాసిన ఆనవాళ్లూ బయటపెట్టారు. నేనే చదవాల్సి వచ్చింది. ఒత్తు జుట్టు. "లేదు," అన్నారు శర్మగారు. చెవుల దాకా మీసం. "లేదు." ముందరి పళ్లు. పారినాయుడు నోరు తెరిచి చూపించాడు. "లేవు." ఛాతీ కొలత. టేపు పెట్టి చూసి, చాలా పోయిందన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. "సార్, మనిషి ముసలివాడయ్యాడు. ఇన్నేళ్లు పనిచేస్తే ఎవరైనా ఇలాగే అవుతారు. మీరు ఉద్యోగంలో చేరినప్పటి ఫొటో తెప్పించి చూద్దామా?"

"నేను రిటైరయ్యాను మేడమ్," అన్నారు కామేశంగారు శాంతంగా, నల్లగా నిగనిగలాడే జుట్టు సవరించుకుంటూ. "నాకు నమోదు లేదు. నమోదు లేనివాడు అసలూ కాడు, నకిలీ కాడు. అధ్యక్షుడు."

ఎర్ర స్టిక్కరు తీసి పారినాయుడి చొక్కా జేబు మీద అంటించారు. అతను తల వంచి దాన్ని చదువుకున్నాడు. చదివి, అంచు ఊడుతుంటే తనే వేలితో నొక్కి సరిగ్గా అంటించుకున్నాడు. మ్యూజియంలో ఏదైనా ఊడుతుంటే చూస్తూ ఊరుకోవడం అతనికి చేతకాదు.

"నకిలీ పారినాయుడు కనుగొనబడినాడు," అన్నారు కామేశంగారు. "అసలు పారినాయుడు పరిసరములందే ఉండవలెను. స్టోరు గది తెరవండి."

వాళ్లు హాస్యానికి అనలేదు. నేను తాళం తీశాను. శర్మగారు టార్చి వేసి, గుమ్మానికి ఎదురుగా నిలబడ్డ బొమ్మని చూసి ఒక్క అడుగు వెనక్కి వేశారు. తర్వాత ఫొటో పక్కన పెట్టి చూశారు. ఒత్తు జుట్టు. ఉంది. చెవుల దాకా మీసం. ఉంది. పళ్లు శిల్పి కాస్త కనపడేలానే చెక్కాడు. ఛాతీ కొలత అంగుళం తేడా లేకుండా సరిపోయింది.

"వేలిముద్ర," అన్నారు కామేశంగారు.

యంత్రాన్ని తెచ్చి బొమ్మ బొటనవేలికి ఆనించారు. చేతులు పోతపోసినవని చెప్పాను కదా. మీసం మొలిచిన కొత్తలో పారినాయుడి వేలి మీదున్న గీతలన్నీ ఆ పిండిలో ఉన్నాయి, ఇటుకపొడి చూడని గీతలు. పచ్చ దీపం వెలిగింది. యంత్రం ఆడగొంతుతో, "ధన్యవాదాలు. మీ హాజరు నమోదైంది," అంది.

పారినాయుడు బొమ్మని ఎగాదిగా చూసి, "బాగానే ఉన్నాడు కదమ్మా," అన్నాడు నెమ్మదిగా.

కమిటీ నివేదిక ఆ వారంలోనే వచ్చింది. నకిలీ ఉద్యోగిపై శాఖాపరమైన చర్య చెల్లదు గనుక విచారణ ఉపసంహరించుకొనడమైనది. అసలు ఉద్యోగి శ్రీ పారినాయుడు స్టోరు గది విడిచి కదలని కారణమున వారు బాకును మార్చుటకు ఆస్కారము లేదు. సరికదా, అసలు బాకు చెంతనే అహోరాత్రములు నిలబడి దానిని సంరక్షించిన వారి విధినిర్వహణ ప్రశంసనీయము. వారికి ఘనముగా వీడ్కోలు పలికి, పెన్షన్ మంజూరు చేయవలెను. నకిలీ పారినాయుడు విషయమై తదుపరి ఉత్తర్వులు వెలువడును.

అవి ఇంతవరకు వెలువడలేదు.

వీడ్కోలు సభ కోట ముందర షామియానా వేసి చేశారు. స్టోరులోంచి మోసుకొస్తుంటే బొమ్మకి పీఠం విరగడంతో తనంత తాను నిలబడలేకపోయింది. వెనకాల నుంచి ఎవరైనా పట్టుకోవాలి. పట్టుకోవడానికి మనిషి కావాలంటే, అటెండరు రిటైరవుతున్నాడు కదా, వేరే ఎవరూ లేరు. పారినాయుడే పట్టుకున్నాడు. వేదిక మీద ముందు మీసాల పారినాయుడు, వాడి భుజం వెనక బోడిగుండు, జేబు మీద ఎర్ర స్టిక్కరు. కామేశంగారు శాలువా కప్పి మాట్లాడారు. "వీరు ఏనాడూ సెలవు పెట్టలేదు. పై అధికారులకు ఎదురు చెప్పలేదు. జీతం పెంచమని అడగలేదు. మన శాఖకి ఇలాంటివారే కావాలి." చప్పట్లు మోగాయి. ఆ చివరి మాట ఒక్కటీ నేను పూర్తిగా నమ్మాను.

దండ వెయ్యబోయేసరికి జనంలోంచి పారినాయుడి భార్య చిన్నమ్మి లేచింది.

"బతికున్నోడి బొమ్మకి దండేత్తారేటి బాబూ? మా ఇంటాయన ఎనకాల నిలబడి ఉన్నాడు, కనపడ్నేదా?"

శర్మగారు ఆవిడకి ఓపిగ్గా నచ్చజెప్పారు. "అమ్మా, మీ ఆయన వీరే. పరీక్ష చేసి తేల్చాం. వెనకాల ఉన్నది నకిలీ."

చిన్నమ్మి ఒకసారి బొమ్మనీ, ఒకసారి మొగుణ్నీ చూసింది. "అలాగైతే ఆ మంచాయన్ని మీ ఇంట్లోనే ఉంచుకోండి. నాకీ నకిలీవోడు అలవాటైపోనాడు," అని వేదికెక్కి, పారినాయుడి చెయ్యి పట్టుకుంది. అతను కదల్లేదు. చెయ్యి తీస్తే బొమ్మ పడుతుంది. సభ అయ్యేదాకా ఆవిడ కూడా అక్కడే నిలబడింది.

జర్మనీ బాకు ఇప్పుడు స్టోరులో ఉంది, ఎర్ర స్టిక్కరుతో. ఇత్తడి బాకు బీరువాలో పట్టుపరుపు మీద ఉంది. దాన్ని తాకకూడదని బోర్డు పెట్టారు. దసరాకి ఆయుధపూజ నిషేధించారు, జరిగినట్టు రికార్డు లేని పూజని ఎలా నిషేధించారో నాకు తెలియదు. చూడ్డానికి వచ్చిన చేపల వర్తకుల సంఘం వాళ్లు మాత్రం ఆ పడవనీ వలనీ బాగా మెచ్చుకున్నారు.

పెన్షన్ పారినాయుడి పేరునే వస్తోంది, అంటే బొమ్మ పేరున. అది ఆగకుండా రావాలంటే పెన్షనరు బతికే ఉన్నాడని ఏటేటా ట్రెజరీలో వేలిముద్ర వెయ్యాలి. అందుకని ఏడాదికోసారి పారినాయుడు ఆటో మాట్లాడుకుని కోటకొస్తాడు. బొమ్మని స్టోరులోంచి దించుకుని, ఆటోలో తన పక్కన కూర్చోబెట్టలేక అడ్డంగా ఒళ్లో పడుకోబెట్టుకుని తీసుకెళతాడు. ట్రెజరీలో గుమాస్తాలు బొమ్మకి కుర్చీ వేస్తారట. ఇతన్ని పక్కకి జరగమంటారట.

మొన్న వచ్చినప్పుడు తలుపు తీసి చూస్తే బొమ్మ నిండా బూజు. మీసం తెల్లగా అయిపోయింది, నెత్తిన పావురం రెట్ట. ఎంత దుమ్మున్నా చూసి సహించలేని మనిషి, బొటనవేలికి ఒక ప్లాస్టిక్ సంచి తొడిగి దారంతో కడుతున్నాడు. మిగతాది కన్నెత్తి చూడటం లేదు.

నేను బీరువా మీది గుడ్డ తీసి అందించాను. "పారినాయుడూ, అలా తీసుకెళతావేంటి? ఒకసారి శుభ్రంగా తుడువు."

అతను గుడ్డ కేసి చూశాడు. చెయ్యి అలవాటుగా ముందుకొచ్చింది. మళ్లీ వెనక్కి తీసుకుని, నున్నటి వేళ్లు చొక్కా కింద పెట్టుకున్నాడు.

"ఒద్దమ్మా," అన్నాడు. "ఈడ్ని కూడా తోమీసినానంటే నాలాగైపోతాడు."